రాజయ్య దినాల్లో హన్మయ్య చేసిన పాడుపని

అన్నం తింటూ చదివేవాళ్లు దీన్ని పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్నాక రండి. హన్మయ్యన్న గురించి చెప్పాలంటే కుళ్లు గురించి చెప్పాలి, కక్కు గురించి చెప్పాలి. తర్వాత నన్ను తిట్టుకుంటే నేను పడను.

నా పేరు సరిత. నాచారం పారిశ్రామికవాడ మలుపులో నాకో చాయ్ హోటల్ ఉంది. దానితోపాటు నేను కార్డున్న వీరురాలిని కూడా. నవ్వితే నవ్వండి. నేను చూస్తున్నంతసేపు పాలు పొంగవు. మంట ఎంత పెద్దగా పెట్టినా గిన్నె అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోతాయి. నాకున్న శక్తి అదొక్కటే.

ఆరేళ్ల కింద విశేష శక్తుల కార్యాలయం అని ఒకటి తెరిచి, శక్తులున్నవాళ్లందర్నీ పిలిచి, నాలుగు తరగతులుగా విడగొట్టారు. ఎగిరేవాళ్లు, బస్సులెత్తేవాళ్లు మొదటి తరగతి. వాళ్లకు కొలతలు తీసి కుట్టించిన డ్రెస్సులు, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీలు. నాలుగో తరగతి వాళ్లకు అందరికీ ఒకటే సైజు నైలాన్ కోటు. దాని చంకల్లో కిరోసిన్ కంపు. ఉతికితే ఆ కంపు పోయి వేరే కంపు వస్తుంది. ఉప్పల్, నాచారం కలిపి అలాంటి కోట్లు తొడుక్కునేవాళ్లం పదకొండు మందిమి. మాలో గోవర్ధన్ అని ఒకడున్నాడు. వాణ్ని దోమలు కుట్టవు, పక్కనున్న వాణ్ని రెండింతలు కుడతాయి. థూ, దానికీ ఒక కార్డు.

ఆ పదకొండు మందిలో అందరికన్నా పెద్దవాడు హన్మయ్యన్న. ఆయన శక్తి పేరు కార్డు మీద 'వికారం' అని రాసి ఉంటుంది. రాసినవాడు అది వెక్కిరింత అనుకోలేదు, అంత తెలివి వాడికి లేదు.

చెడిపోయిన తిండి వంద గజాల లోపల ఎక్కడున్నా ఆయన కడుపులో దేవుతుంది. ముందు చెవులు చల్లబడతాయి. నోట్లో నీళ్లూరతాయి. తర్వాత ఎక్కిళ్లు మొదలవుతాయి. ఒక్క ఎక్కిలి వచ్చి ఆగితే పులిసిందని అర్థం. మూడు వస్తే కడుపునొప్పి ఖాయం. ఐదు దాటితే దవాఖానా. ఇక ఆ తిండి పొరపాటున నోట్లో పడిందా, పేగులు చేతికొచ్చేట్టు కక్కుతాడు. అందుకే ముప్పై ఏళ్లుగా ఆయన బయట ముద్ద ముట్టలేదు. ఎక్కడికి పోయినా స్టీలు డబ్బాలో జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకుపోతాడు.

మోత్కూరు దగ్గరి పల్లె నుంచి ఇరవై రెండేళ్లప్పుడు నాచారం వచ్చి, ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో చేరాడట. మొదటి వారమే క్యాంటీన్ పప్పు నోట్లో పెట్టుకుని అక్కడే కక్కాడు. పొద్దున్నే తాగి వచ్చాడని సూపర్‌వైజర్ బయటికి గెంటాడు. అదే పప్పు తిన్న నలభై మంది సాయంత్రం చెంబులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మర్నాడు ఆయన మెడలో దండ వేశారనుకుంటున్నారా? వీడు కక్కడం చూసే మాకు కడుపులు పాడయ్యాయని, అందరూ కలిసి ఆయన్ని క్యాంటీన్ గడప తొక్కనివ్వలేదు. లోకం తీరే అంత. పాచిది వండినవాడు పెద్దమనిషి, పాచిదని చెప్పినవాడు పాడుమనిషి.

ఆయన భార్య శారదమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. ఒక్కతే బిడ్డ, ఆశ. ఆ పిల్లకు చిన్నప్పుడు ఒక్కరోజు కూడా కడుపునొప్పి రాలేదంటే నమ్మండి. కానీ స్నేహితురాళ్ల పుట్టినరోజుకు తీసుకుపోతే తండ్రి కేకు దగ్గర నిలబడి ఎక్కిళ్లు పెడుతుంటే, ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకోవాలి? పెళ్లి కుదిరినప్పుడు ఆశ ఒకటే అడిగింది. "నానా, నా అత్తగారింట్ల మాత్రం నీ ఎక్కిళ్లు వద్దు." ఆయన సరేనన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవాలని మూడేళ్లలో ఆ ఇంటికి నాలుగుసార్లే పోయాడు, పోయినప్పుడల్లా గేటు దగ్గరే కూర్చుని వచ్చాడు.

ఆశ అత్తగారిది పీర్జాదిగూడ. ఒకప్పుడు పొలాలున్నవాళ్లు, ఇప్పుడు ఆ పొలాల్లో లేచిన అపార్టుమెంట్ల మధ్య సొంత మేడలో ఉంటారు. మొన్న కార్తీకంలో ఆశ మామ రాజయ్య పోయాడు. పదకొండో రోజు పెద్ద దినం పెట్టుకున్నారు. మూడు వందల మంది చుట్టాలు. చాయ్ కాచడానికి నన్ను పిలిచారు. పాలు పొంగి పోవని వాళ్లకెవరో చెప్పారట. అప్పటికి ఆశకు ఆరో నెల.

మా దిక్కు దినాలంటే ముందు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, మేడ మీద పెట్టి, కాకి కోసం చూడాలి. కాకి ముట్టేదాకా చుట్టాలెవరూ ముద్ద ముట్టరు. ముట్టలేదంటే పోయినాయనకు మనసులో ఏదో కొరత మిగిలినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి ముందుకొచ్చి, ఆ కొరత తీరుస్తామని చేతులు జోడించి మాటివ్వాలి.

పదకొండు గంటలకు విస్తరి పెట్టారు. బగారా అన్నం, మటన్, గారెలు, ఒక సీసా కల్లు, ఒక కట్ట బీడీలు. అరగంటయినా కాకి రాలేదు. ఎట్లా వస్తుంది? పీర్జాదిగూడలో చెట్లన్నీ కొట్టేసి పునాదులు తవ్వారు. అక్కడున్నవి పావురాలు. అవి వాటర్ ట్యాంకు మీద కూర్చుని రెట్టలేస్తూ అందరినీ చూస్తున్నాయి.

హన్మయ్యన్న మాత్రం గేటు దగ్గర్నుంచి లేచి నా పొయ్యి దగ్గరికి వచ్చాడు. మొహం బూడిద రంగులో ఉంది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"చెల్లె, ఏడు," అన్నాడు.

ఏడు ఎక్కిళ్లు. ఆరేళ్లలో నేనెప్పుడూ ఆ లెక్క వినలేదు.

"దేంట్ల?"

"మటన్ల. మేకలను నిన్న పొద్దుగాల్నే కోసిన్రట. ఫ్రిడ్జుల సగమే పట్టింది. తక్కింది గమేళాలల్ల వేసి, మూతలు పెట్టి, ఎండల ఉంచిన్రు. ఇయ్యాల మసాలా దట్టించి వండిన్రు. ఎవ్వలకు వాసన రాదు."

"మరి చెప్పవేంది?"

"ఆశకు మాటిచ్చిన." తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "అది పొద్దుగాల నుంచి ఏం తినలే. వాళ్లత్త ముందుగాల దానికే పెడ్తనంటుంది."

ఇంక ఆగలేకపోయాడు. రాజయ్య పెద్దకొడుకు బాలనర్సింహను షామియానా పక్కకు పిలిచాడు. బాలనర్సింహ ఆశ మొగుడికి అన్న, ఆశకు బావ అవుతాడు, ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద. తెల్ల లాల్చీ, తెల్ల ప్యాంటు, మెడలో తెల్ల తువ్వాలు వేసుకుని ఉన్నాడు.

"అల్లుడా, తప్పుగ అనుకోకు. మటన్ పెట్టకురి. అది ఖరాబైంది. పప్పుతోని బంతి ఎల్లదీయి."

బాలనర్సింహ ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "మా నాయిన దినాలల్ల పప్పన్నం పెడితె మా పాలోళ్లు, దాయాదులు మొఖాన ఉమ్మేస్తరు మామ. నీ బీమారి నీ దగ్గర్నే పెట్టుకో. మా ఆశ మొఖం జూసి ఊకుంటున్న."

అక్కడ మేడ మీద అప్పటికి మాటలివ్వడం మొదలైంది. బాలనర్సింహ పోయి ఇంక తాగనని తండ్రికి మాటిచ్చాడు. కాకి రాలేదు. ఆదివారాలు తప్ప తాగనని సవరించుకుని కిందికి దిగాడు. ఆశ అత్త ఉప్పలమ్మ పోయి, "నీ రేడియో ఎవ్వలకియ్య, నా తలాపుకే పెట్టుకుంట," అని ఏడ్చింది. ఒక చుట్టమైతే పదేళ్ల కింద రాజయ్య చెప్పులు తొడుక్కుపోయింది తనేనని ఒప్పుకున్నాడు. పావురాలు కదల్లేదు. విస్తరి మీద ఈగలు ముసిరాయి. అవి మటన్ మీదే ఎందుకు ముసిరాయో ఒక్కరికీ పట్టలేదు. మూడు వందల మంది ఆకలి మీద ఉన్నారు, కానీ వాళ్ల దిగులంతా రాజయ్య కొరత ఏంటనే.

చివరికి బాలనర్సింహ ఫోన్ చేసి విక్రమ్‌ను పిలిపించాడు.

విక్రమ్ అంటే మొదటి తరగతి, ఎగిరే విక్రమ్. ఏఎస్ రావు నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ ముందు చూసినా వాడి ఫ్లెక్సీయే, చెయ్యి పైకెత్తి నవ్వుతూ. నీలం డ్రెస్సులో వచ్చి మేడ మీద దిగాడు. దిగగానే ముప్పై మంది ఫోన్లు పట్టుకుని చుట్టుముట్టారు. పోయినాయన కొరత అందరూ కాసేపు మర్చిపోయారు.

హన్మయ్యన్న ఆ గుంపులో దూరి, జేబులోంచి మా కార్యాలయం కాగితం తీశాడు. మాకొక రూలుంది. నాలుగో తరగతి వాడు ప్రమాదమని చెప్తే సరిపోదు, మొదటి తరగతి వాడు దాని మీద సంతకం పెట్టాలి. ఎక్కిళ్లకు సాక్ష్యం ఉండదు కదా, అందుకట.

"విక్రమ్ బాబు, గీడ ఒక్క సంతకం పెట్టు. మటన్ ఆపిస్తరు."

విక్రమ్ కిందికి దిగి, గిన్నె మూత తీయించి వాసన చూశాడు. "నాకైతే మంచిగనే ఉందన్న."

"ఇంకోసారి సూడు."

"ఏం సూడాలె అన్న? పైన గాలి సల్లగుంటది, నాకు పన్నెండు నెలలు జలుబే."

జలుబు ముక్కుతో వాసన చూసి తీర్పు చెప్పాడు, వాడి ముక్కు చీమిడి. అది చెప్పి గాల్లోకి లేచి అంబర్‌పేట్ వైపు పోయాడు.

పావుగంటలో కాకిని పట్టుకొచ్చాడు. మూసీ గట్టు మీది కాకి. దాని కంపు మేడ మీదికి దానికన్నా ముందే వచ్చింది. నీలం డ్రెస్సు రొమ్ము మీద తెల్లగా రెట్ట కారుతోంది. విక్రమ్ దాన్ని విస్తరి ముందు వదిలాడు. మూసీలో కొట్టుకొచ్చిన పందికొక్కుల్ని పీక్కుతిని పెరిగిన పక్షి అది. దానికి ఆ మటన్ పెళ్లివిందు. ఎగిరి పోకుండా రెండు కాళ్లూ కూరలో పెట్టి మరీ తింది.

"పిట్ట ముట్టింది," అన్నారందరూ. ఉప్పలమ్మ కళ్లు తుడుచుకుంది. బాలనర్సింహ హన్మయ్యన్న వైపు తిరిగి, "చూసినవా మామ? మా నాయిన్నే తిన్నడు, నీకేం నొప్పి?" అన్నాడు.  కాకి మాట మీద మొదలైన బంతిని ఆపే మాట లోకంలో లేదు.

కింద విస్తళ్లు పరిచారు. మొదటి బంతికి వంద మంది కూర్చున్నారు. ఇంటి గడప లోపల ఉప్పలమ్మ కోడలికి పీట వేసి, పళ్లెంలో అన్నం, దాని మీద మెత్తటి ముక్కలు ఏరి వేసింది. "తిను బిడ్డ. మీ మామ నీ కోసమే జూస్తుండె," అంది. ఆ ముసలమ్మ మనసు మంచిదే, అదే నాకు ఇంకా మండింది.

హన్మయ్యన్న గడప దగ్గరికి పోయాడు. నేను చాయ్ కెటిల్ పట్టుకుని వెనకే ఉన్నాను.

"బిడ్డ, ఆ ముక్కలు తినకు. పప్పేసుకో."

ఆశ మొహం ఎర్రబడింది. చుట్టూ ఆడవాళ్లు చూస్తున్నారు. గొంతు తగ్గించి, "ఈడ గూడనా నానా? పిట్ట గూడ ముట్టింది. నేను తినకుంటె మా అత్త ఏమనుకుంటది? ఇయ్యాల ఒక్కరోజన్న మంచిగుండు, నీ కాళ్లు మొక్కుత," అంది.

 ఆయన వెనక్కి తిరిగి వచ్చి, బంతి మధ్యలో, సరిగ్గా ఆశకు ఎదురుగా కూర్చున్నాడు. విస్తరి ముందుకు లాక్కుని నీళ్లు చల్లాడు. ముప్పై ఏళ్లలో ఆయన బయట విస్తరి ముందు కూర్చోవడం అదే మొదలు. వడ్డించేవాడితో, "మటన్ ఎక్కువనే ఎయ్యి," అన్నాడు.

నాకప్పుడు అర్థమైంది. 'వద్దు అన్నా' అని అరిచేలోపే పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మెడ నరాలు తాళ్లలా లేచాయి. లోపల్నుంచి బురదలో గేదె లేచిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత వచ్చింది చూడండి, దాన్ని నేను రాయలేను గానీ రాస్తాను. ముందు ఆ ముద్ద వచ్చింది, తర్వాత పొద్దున తిన్న రొట్టె, తర్వాత పచ్చిపులుసు, ఆపైన పసరు. తన విస్తరి నిండింది, ఎడమ పక్కవాడి విస్తరి నిండింది, కుడి పక్కవాడి ఒళ్లు నిండింది. నెయ్యి వడ్డిస్తూ ముందు నిలబడ్డ బాలనర్సింహ తెల్ల ప్యాంటు మోకాళ్ల కింద తెలుపు లేకుండా పోయింది.

పక్కవాడు అది చూసి ఓక్ అన్నాడు. వాణ్ని చూసి వాడి పక్కవాడు. మీకు తెలియంది కాదు, ఒకడు కక్కితే పదిమందికి వస్తుంది. బంతి ఈ చివర్నుంచి ఆ చివరికి ఓకరింత మంటలా పాకింది. మొదటి ముద్ద ఇంకా ఎవరి నోట్లోనూ పడలేదు, అయినా ఖాళీ కడుపులతోనే కక్కారు. విక్రమ్ గాల్లోకి లేచి, పైనుంచి కక్కాడు. దాని కింద ఉన్నవాళ్ల గురించి నేను చెప్పను. నా కెటిల్‌లో కూడా ఏదో పడింది. మూడు కెటిళ్లు పారబోశాను.

గడపలో ఆశ చేతిలో పళ్లెం జారి బోర్లా పడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

తర్వాత ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. పడని తిట్టు లేదు. ఉప్పలమ్మ మన్ను తీసి ఆయన మీద పోసింది. "నా పెనిమిటి దినాలను పెంట జేసినవు గదరా," అని రొమ్ము కొట్టుకుంది. పాలోళ్లంతా ఉమ్ముకుంటూ బండ్లెక్కారు. ఆ తిండి మొహం చూసేవాడెవడు? బాలనర్సింహ గిన్నెలకు గిన్నెలు పక్క అపార్టుమెంటు పునాది గుంతలో పోయించి, జేసీబీతో మట్టి కప్పించాడు. హన్మయ్యన్నను నేను రెక్క పట్టుకుని గేటు బయటికి తెచ్చి, ఆటోలో వేసుకుని నాచారం తెచ్చాను. ఆటోవాడు కిటికీ బయటికి తల పెట్టి నడిపాడు.

సాయంత్రం ఐదింటికి హోటల్లో ఆయనకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తున్నాను. పెదాలు తెల్లగా ఉన్నాయి. ఆయన ఫోన్ మోగింది. దినాలకు వండిన వంటమేస్త్రీ. మాట కూడా సరిగ్గా రావడం లేదు వాడికి.

"అన్న, ఉప్పు జూసేటందుకు నేను, మా ఇద్దరు మనుషులు పొద్దుగాల రెండు రెండు ముక్కలు తిన్నం. ముగ్గురం సెలైన్ల మీదున్నం. ఒకనికి ఇంక సోయి రాలే. నీకు దండం పెడ్త, ఎవ్వలకు చెప్పకు. నాకింక ఒక్క పెండ్లి దొరకది. కల్లు తాగితె అయిందని చెప్పినం."

రెండేసి ముక్కలకు. గడప లోపలి పళ్లెంలో ఎన్ని ముక్కలున్నాయో నాకు గుర్తొచ్చి, చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను.

ఈలోగా నా ఫోన్‌లో ఎవరో వీడియో పంపారు. విక్రమ్ కాకిని పట్టుకుని దిగడం, వెనక పాట, కింద రెండు లక్షల మంది చూసిన లెక్క. దాని కిందనే మా కార్యాలయం నుంచి మెసేజ్. కోటు తొడుక్కుని బహిరంగంగా కక్కినందుకు హన్మయ్య కార్డు మూడు నెలలు ఆపేశారట. ఆయన ఆ రోజు కోటే తొడుక్కోలేదు. ఛీ, వీళ్ల బతుకులు.

అప్పుడు ఆశ ఫోన్ చేసింది. ఫోన్ నేనే పట్టుకున్నాను, గట్టిగా వినపడేట్టు నొక్కి.

తిట్టింది. చిన్నప్పటి కేకు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా తిట్టింది. అత్త తనతో మాట్లాడటం లేదని, బావ ముందు తలెత్తుకోలేకపోతున్నానని, కన్నతండ్రే పరువు తీశాడని. "ఇంక మా ఇంటి మొఖం రాకు. కాన్పుకు గూడ నేను ఆడికి రాను," అంది. ఆయన మధ్యలో ఒక్కమాటే అన్నాడు, "తప్పైంది బిడ్డ." నేను నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వద్దని తల ఊపాడు. ఆశ ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ మేస్త్రీ సంగతి చెప్పరాదె? బిడ్డ ముంగట గూడ గిట్ల పడుడేంది? నువ్వు మనిషివేనా అన్న?"

"చెప్తె ఏమైతది?" అన్నాడు, గోడకు తలానించి. "రాజయ్య దినాలల్ల పాశిన కూర పెట్టిన్రని ఊరంత తెలుస్తది. బాలనర్సింహ తలకాయ కిందికైతది. ఆ కోపం నా మీదికి రాదు సరితా. ఆ ఇంట్ల ఉండేది నేను కాదు."

నేను గ్లాసు మళ్లీ ఆయన ముందుకు జరిపాను. ఆయన గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. అవి కడుపులో నిలిచాయి. మొహంలో కొంచెం రంగు వచ్చింది.

"అర్ధగంట తిట్టింది," అన్నాడు. "నడుమ ఒక్కపారి గూడ ఆగలే. కడుపుల నొప్పున్నోళ్లు గంత సేపు తిట్టలేరు."